బోసి మామ బోర్డు మీద ఏం రాయాలి

మా ఆయన పోయిన దగ్గర్నుంచి మా ఇంట్లో అందరూ గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. చుట్టాలు, పక్కింటివాళ్ళు, ఆఖరికి గ్యాసు బండ తెచ్చే అతను కూడా. వచ్చినవాళ్ళు కుర్చీ అంచున కూర్చుని, "దేవుడిలాంటి మనిషి" అంటారు. నేను తల ఊపుతాను. ఆ దేవుడెవరో నాకు తెలియదు. నేను కాపురం చేసింది నోరు తెరిస్తే తిట్లు, మూస్తే గురక పెట్టే మనిషితో. వీళ్ళు రోజుకింత చొప్పున ఆ మనిషిని తుడిచేసి, ఆయన కుర్చీలో ఎవరో పెద్దమనిషిని కూర్చోబెడుతున్నారు. ఇలాగే సాగితే ఆయన గొంతు నాకే గుర్తుండదేమోనని భయం పట్టుకుంది.

ఆయనది పరుపులు కుట్టే పని. సెలవు రోజుల్లో మాత్రం ఊరి హాకీ జట్టుకు గోల్‌కీపరు. కాళ్ళకు కట్టుకునే ప్యాడ్లు కొనే తాహతు ఆ జట్టుకు లేదు. చారల పరుపు గుడ్డతో ఆయనే కుట్టుకున్నారు. దూది కూరింది నేను. అవి కట్టుకుని గోల్లో నిలబడితే, రెండు పరుపులు చుట్టి గోడకు ఆనించినట్టుండేది. వాన పడితే దూది నీళ్ళు తాగి, కాలు ఎత్తాలంటే ఇద్దరు మనుషులు కావాలి.

"ఇంత బరువుతో ఎలా కదులుతారండీ?" అని అడిగాను ఒకసారి.

"కదలడం దేనికే? బంతికి కళ్ళు లేవా? అదే వచ్చి తగులుతుంది" అన్నారు.

తగిలేది కూడా. ఓసారి నోటికే తగిలింది. ముఖానికి అడ్డం పెట్టుకునే జాలీలు అప్పట్లో మా జట్టు ఎరగదు. పై వరస పళ్ళు మైదానంలో పడిపోయాయి. జట్టంతా వాటిని వెతుకుతుంటే ఈయన మాత్రం, "గోలు పడిందా, లేదా? ముందు అది చెప్పండ్రా" అని అరిచారట. పడలేదు.

ఆ తర్వాత కట్టుడు పళ్ళు వచ్చాయి. ఆట మొదలయ్యే ముందు సెట్టు తీసి రుమాల్లో చుట్టి, గోలు వెనక కూర్చునే పిల్లల్లో ఒకడి చేతిలో పెట్టేవారు. ఇంట్లోనే పెట్టి వెళ్ళొచ్చుగా అంటే, గెలిస్తే ఫోటో తీస్తారు, బోసినోటితో నిలబడమంటావా అని నామీద ఎగిరేవారు. గెలిచింది ఎన్నిసార్లో అడక్కండి. కానీ ఆ పళ్ళు పట్టుకునే భాగ్యం కోసం పిల్లలు జుట్లు పట్టుకునేవారు. జట్టులో మిగతా ఆటగాళ్ళ పేర్లు వాళ్ళకు తెలిసేవి కావు. వాళ్ళు ఆట చూడ్డానికి కాదు, బోసి మామను చూడ్డానికి వచ్చేవారు.

మొన్న మధ్యాహ్నం ఆ పిల్లల్లో ముగ్గురు మా ఇంటికి వచ్చారు. ఒకడు బస్సు కండక్టరు, ఒకడు స్కూలు మాస్టారు, ఇంకొకడు పళ్ళ డాక్టరు. తలల మీద వెంట్రుకలు ముగ్గురివీ కలిపినా ఒకడికి చాలవు. వాళ్ళూ గొంతు తగ్గించుకునే వచ్చారు. గోలు వెనక గోడకు మామ పేరుతో బోర్డు పెడతారట. దాని మీద రాసే మాటలు నాకు చూపించి, సరేనంటే పెయింటరుకు ఇస్తారట.

మాస్టారు కాగితం ఇచ్చాడు. నాకు చదువు అంతంతమాత్రం. అక్షరాలు కూడబలుక్కుని చదివాను. 'క్రమశిక్షణకు మారుపేరు. మితభాషి. ఆదర్శ క్రీడాకారులు.'

"ఇది ఎవరి గురించి నాయనా?" అన్నాను.

"మామ గురించే అత్తా" అన్నాడు మాస్టారు.

"మితభాషి అంటే?"

"తక్కువ మాట్లాడేవారని."

కండక్టరు కిటికీలోంచి బయటికి చూశాడు. డాక్టరు దగ్గాడు.

"ఒరేయ్, మనం ఫైనల్లో ఓడిపోయింది ఎందుకో కూడా రాశారా ఇందులో?" అన్నాను.

ముగ్గురి ముఖాలూ మాడిపోయాయి. "కళ్ళల్లో ఎండ పడింది కదత్తా" అన్నాడు డాక్టరు మెల్లగా.

ఆ సాయంత్రం ఎండ ఆయన వీపు మీద ఉంది. ఊరంతా చూసింది, ఎవరూ అడగలేదు. అసలు జరిగింది ఆయన ఇంటికి వచ్చి, కడుపు పట్టుకుని నవ్వుతూ నాకు చెప్పారు. ఆట చివరికి వచ్చింది, రెండు వైపులా గోలు లేదు. వెనక ఎవడో పిల్లాడు రుమాలు విప్పి, ఆయన పళ్ళు తన నోట్లో పెట్టుకుని ఇకిలించాడు. పిల్లలంతా పడీపడీ నవ్వారు. వాళ్ళను తిడదామని ఈయన వెనక్కి తిరిగారు. బంతి పక్కనుంచి తీరిగ్గా, షికారుకు వెళ్తున్నట్టు లోపలికి పోయింది.

"ఎండ కాదురా. పళ్ళు" అన్నాను.

కండక్టరు ఛాతీ విరుచుకుని, "నీకు తెలుసన్నమాట అత్తా. ఆ పళ్ళు పెట్టుకుంది నేనే" అన్నాడు.

"ఏడిశావ్! నువ్వు ఆ రోజు జ్వరమొచ్చి మైదానానికే రాలేదు. పెట్టుకుంది నేను" అన్నాడు డాక్టరు. "అందుకే కదరా నేను పళ్ళ డాక్టరునైంది!"

"నీకు మార్కులు తక్కువొచ్చి అయ్యావ్, మామ పళ్ళ వల్ల కాదు" అన్నాడు మాస్టారు. "ఇద్దరూ నోళ్ళు మూయండి. నా నోరు అప్పట్నుంచే పెద్దది. ఆ సెట్టు పట్టింది నా ఒక్కడికే."

"నాకూ పట్టింది!" అన్నాడు కండక్టరు.

"తొడిగి చూసుకోడానికి అదేమన్నా చెప్పులజతా?"

ముగ్గురూ లేచి నిలబడ్డారు. ఊరి ఓటమికి కారణం నేనంటే నేనని, యాభై దాటిన మగవాళ్ళు నా ముందు వేళ్ళు చూపించుకుంటున్నారు. నేను నవ్వాను. ఆయన పోయాక మొదటిసారి. ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు.

"చెప్పత్తా, మామ ఎవరి పేరు చెప్పాడు?" అన్నాడు కండక్టరు.

"నేనూ అడిగానురా. ఎవడైతేనేం, నాకన్నా వాడి నోటికే బాగున్నాయే అన్నారు."

ముగ్గురూ ఎవరికి వాళ్ళు ఆ మాట తమకే అనుకుని మురిసిపోయి కూర్చున్నారు. అప్పుడు కాగితం మాస్టారుకు తిరిగి ఇచ్చేశాను.

"ఇది వద్దు నాయనా. ఆయన గోల్లో నిలబడి మీకు రోజూ చెప్పేదేమిటో, అది రాయించండి."

"అదా?" అన్నాడు మాస్టారు. "అది తిట్టు కదత్తా. పిల్లలు చదువుతారు."

"ఆయన తిట్టింది పిల్లల్నే కదరా."

మాస్టారు మిగతా ఇద్దరి వైపు చూశాడు. ఆ పూట అతనికి సాయం దొరకలేదు.

మర్నాడు పెయింటరు వచ్చాడు. చిన్నవాడు, మా ఆయన్ని ఎరగడు. మాస్టారు రాసిచ్చిన కాగితం చేతిలో అటూ ఇటూ తిప్పాడు. "ఇందులో ఏదో పొరపాటు జరిగినట్టుందమ్మా. బోర్డు మీద ఇలాగే రాయమంటారా?" అన్నాడు, అందరిలాగే గొంతు తగ్గించి.

"ఏముందో చదువు బాబూ."

సందేహిస్తూ చదివాడు. "ఒరేయ్ వెధవల్లారా, వెనక్కి జరిగి చావండ్రా..."

"వినబడలేదు. మైదానం అవతలికి వినబడేలా చదువు."

అతను నన్ను ఓసారి ఎగాదిగా చూసి, ఊపిరి తీసుకుని, ఇల్లు ఎగిరిపోయేలా అందుకున్నాడు. "ఒరేయ్ వెధవల్లారా! వెనక్కి జరిగి చావండ్రా! బంతి తగిలితే మీ అమ్మలకు ఎవడ్రా జవాబు చెప్పేది, మీ తాతా?"

"ఇంకోసారి" అన్నాను.

ఇంకోసారి అరిచాడు. పక్కింటావిడ చేతిలో గరిటెతోనే గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చింది.

"ఏమైంది వదినా? ఎవరా తిట్టేది?"

"మా ఆయన" అన్నాను.