అమ్మ చల్లబెట్టిన కాళ్లు

తవిటయ్యని తలుచుకుంటే నాకు ముందు కోపమే వస్తుంది. ఏడుపు తర్వాత. బాగ్‌బేరా రైల్వే కాలనీలో మా పక్క క్వార్టరే వాళ్లది. బొబ్బిలి అవతల ఏదో ఊరి నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చి, టాటానగర్ యార్డులో పాయింట్స్‌మన్ అయ్యాడు. బండి పట్టాలు మార్చేటప్పుడు అరిచినా, బజారులో బెండకాయలు బేరమాడినా ఒకటే గొంతు. మనిషి మంచివాడే. మొండితనం మాత్రం అంతా ఇంతా కాదు.

మా కాలనీలో తెలుగువాళ్లు ఏటా చైత్రంలో అమ్మవారికి నిప్పుల గుండం తొక్కేవారు. రైల్వేవాళ్లు, స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు పని చేసేవాళ్లు అందరూ కలిసేవారు. ఘటం నెత్తిన పెట్టుకుని ముందు నడిచేది తవిటయ్యే. మొదట్లో అతనికీ అందరిలాగే బొబ్బలెక్కేవి. పసుపూ వేపాకూ నూరి పట్టించుకుని, కుంటుకుంటూ డ్యూటీకి పోయేవాడు.

తర్వాత అతనికి దాహం పట్టుకుంది. చెంబు ఎత్తితే దించడు. పెరట్లో అతను ఒంటేలుకి కూర్చున్న చోట చీమలు బారులు కట్టేవి. అతని భార్య నూకమ్మ నీళ్లు కొట్టి కొట్టి విసిగిపోయింది.

"ఏటి జానకమ్మగోరూ ఈ సీమలు?" అని నన్నడిగింది.

షుగరై ఉంటుంది, చూపించమన్నాను. తవిటయ్య పకపకా నవ్వాడు. "మా వొంశంలో పంచదార కొన్నోళ్లే నేరు. ఆ జబ్బెక్కణ్నుంచొత్తాది?" అన్నాడు.

ఆ వెంటనే అరికాళ్ల మంటలు మొదలయ్యాయి. కారం రాసినట్టుందంటూ తడి గోనెపట్టా కాళ్లకి చుట్టుకుని కూర్చునేవాడు. కొన్నాళ్లకి ఆ మంటలు వాటంతటవే పోయాయి. వాటితో పాటు ఇంకా ఏం పోయిందో ఎవరికి తట్టింది? ఆ చైత్రంలో గుండం తొక్కితే బొబ్బలైతే లేచాయి గానీ నొప్పి లేదు. మర్నాడు చెప్పులేసుకుని దర్జాగా డ్యూటీకి పోయాడు.

"అమ్మ నా కాళ్లు సల్లబెట్టింది" అన్నాడు. కాలనీ అంతా నమ్మింది. పై ఏడు నిప్పుల మధ్యలో ఆగి నిలబడ్డాడు. జనం అతని కాళ్ల మీద పడ్డారు.

నాకు మాత్రం ఆ కాళ్ల మీద అనుమానమే. ఎనభై నాలుగులో, గుండానికి కొద్ది రోజుల ముందు, అతను ఒక చెప్పు మా గుమ్మం ముందే వదిలేసి ఒంటి చెప్పుతో స్టేషనుకి పోయాడు. చెప్పు జారిపోయిన సంగతే అతనికి తెలియలేదు. దాన్ని తీసుకెళ్లి నూకమ్మ చేతిలో పెడితే ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ సాయంత్రమే మొగుణ్ని లాక్కుని డాక్టరు దగ్గరికి బయలుదేరింది. తోడుగా నేనూ వెళ్లాను.

డాక్టరు సూర్యప్రకాశ్ మనవాడే. సోనారి నుంచి స్కూటరు మీద వచ్చి సాయంత్రాలు మా బజారులో కూర్చునేవాడు. తవిటయ్యని కళ్లు మూసుకోమని, సూదితో అరికాలు పొడిచాడు. మళ్లీ పొడిచాడు. నెత్తురు చుక్క పైకి తేలింది.

"ఎప్పుడు గుచ్చుతారు డాట్రుబాబూ?" అన్నాడు తవిటయ్య, కళ్లు మూసుకునే.

నూకమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"షుగరు నీ నరాల్ని తినేసింది తవిటయ్యా. పోయిన స్పర్శ ఇక రాదు. కాళ్లనైనా కాపాడుకో. పుండు పడితే మానదు. నిప్పుల జోలికి పోయావా, కాలు తీసేయాల్సిందే" అన్నాడు డాక్టరు.

నెత్తురు పరీక్షకి రాసిచ్చాడు. అక్కడే వచ్చింది తంటా. ఘటం ఎత్తేవాడు గుండం దాకా దీక్షలో ఉండాలి. పొద్దంతా పస్తు, పొద్దుగూకాక ఇన్ని పెసలూ కొబ్బరి ముక్కా. ఆ పస్తులోనే వెళ్లి నెత్తురిచ్చాడు. షుగరు కాస్త ఎక్కువ, అంతే అని వచ్చింది. తవిటయ్యని పట్టలేకపోయాం.

"ఇది ఇవాళ్టి సంగతయ్యా. కడుపు మాడ్చుకుని వచ్చావు కాబట్టి తగ్గింది. గడిచిన రెండు మూడు నెలలూ ఒంట్లో షుగరు ఎలా ఉందో నెత్తుర్లోనే చూసి చెప్పే పరీక్ష కలకత్తాలో ఉందట. చేయించు, నీ బండారం బయటపడుతుంది" అని డాక్టరు మొత్తుకున్నాడు.

"రగతం కూడా అమ్మ మాటే సెప్పింది గదా బాబూ! ఇంక కలకత్తా ఎందుకు?" అన్నాడు ఈ మహానుభావుడు.

ఇంటికొచ్చాక నూకమ్మ అతని కాళ్లు పట్టుకుంది. "సూది దిగితే తెల్నేదు, నిప్పు దిగితే తెలుత్తాదేటి? ఈ ఏడొగ్గేయయ్యా, నీకు దండవెడతాను."

"ఒగ్గేత్తే ఘటం ఎవులెత్తుతారే? ఊరంతా నా కాళ్లకేసే సూత్తన్నాది" అన్నాడతను.

నేనూ నాలుగు చీవాట్లు పెట్టాను. కాళ్లు పోతే అమ్మవారు అరువిస్తుందా అని అడిగాను. చేతులు కట్టుకుని అంతా విన్నాడు. గుండం రోజున ఘటం ఎత్తుకున్నాడు.

నిప్పులు దాటాక ఘటం దించకుండానే అందరికీ బొట్టు పెట్టాలి. అంతసేపూ ఆ మనిషి కాళ్ల మీద భార్య పసుపునీళ్లు పోస్తూ ఉండాలి. నూకమ్మ చెంబు వంచగానే ఎడమ కాలి కింద నుంచి సుయ్యిమంటూ పొగ లేచింది. మాంసం కాలిన కంపు కొట్టింది. ఆవిడ చెంబు పడేసి, రెండు చేతులతో ఆ కాలు పైకెత్తింది. బొగ్గు కణిక అరికాల్లో దిగబడి ఉంది. పైన తవిటయ్య ఎవరికో నవ్వుతూ బొట్టు పెడుతున్నాడు.

"ఏటే?" అన్నాడు కిందకి చూసి.

ఆ పుండు మానలేదు. పాదం నల్లబడి, ఆ నలుపు పైకి పాకింది. వానాకాలం రాకముందే ఎడమ కాలు మోకాలి కింద నుంచి తీసేశారు. ఆసుపత్రి నుంచి అతన్ని మోసుకొస్తుంటే, అప్పుడు ఆ కాళ్ల మీద పడ్డ జనమంతా తలుపుల సందుల్లోంచి చూశారు. ఒక్కరూ బయటికి రాలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

పై ఏడు ఘటం మా కాలనీ కుర్రాడు ఆదిబాబు ఎత్తుకున్నాడు. డప్పులు మా వీధిలోంచే పోతున్నాయి. వరండాలో మంచం మీద తవిటయ్య కళ్లు గట్టిగా మూసుకుని, మిగిలిన కాలు నూకమ్మ వైపు చాపాడు. రోజూ అంతే, స్పర్శ తిరిగొచ్చిందేమో గిల్లి చూడమనేవాడు. నూకమ్మ అరికాలు గిల్లింది. గోరు గుర్తు ఎర్రగా పడింది. పక్కనే ఇంకోసారి గిల్లింది.

"గిల్లవేటే?" అన్నాడు తవిటయ్య.

నూకమ్మ ఆ గుర్తుల మీద అరచెయ్యి కప్పింది.

"గిల్తానుండయ్యా" అంది. "ఆ డప్పులెల్లిపోనీ."