పళ్ళకు వెండి తీగ

నాకు రాయరాదు. నేను చెబుతుంటే మునిమనవరాలు రాస్తోంది.

మొన్న దాని ఎత్తుపళ్ళకు తీగ కట్టించడానికి పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. కనబడే తీగ చవక, కనబడనిదానికి రెండింతలట. ధర విని వాళ్ళ నాన్న తల దించుకున్నాడు. ఇదేమో "కనబడేది నాకొద్దు తాతమ్మా, బళ్ళె అందరు నవ్వుతరు" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడుపు.

డాక్టరమ్మ చేతిలో ఆ తీగ తళుక్కుమంది. నాకు చిన్నప్పుడు మేమున్న తిరుమలగిరి గుర్తొచ్చింది. పోలీస్ యాక్షన్ అయిన కొత్తలో, మిలిటరీ బంగళాకు వచ్చిన ఆఫీసరు కూతురు నవ్వితే పళ్ళ మీద వెండి మెరిసేది. నా ఈడువాళ్ళారా, సిగరెట్ పెట్టెల్లోని వెండి కాగితం పళ్ళకు అంటించుకుని బజారంతా ఇకిలిస్తూ తిరిగాం, యాదికుందా? ఉమ్మికి తడిసి ఊడితే మళ్ళీ అంటించుకునేవాళ్ళం.

"పండ్లకు సుత నగలుంటయా!" అని మా అమ్మ బుగ్గన వేలేసుకుంది.

"చెయ్యి తియ్యవే" అన్నాను మునిమనవరాలితో. "గిసొంటి తీగ చూడనీకె నేను బంగళా గోడెక్కి మోకాళ్ళు పగలగొట్టుకున్న. నీ నోట్లనే పెడ్తమంటే దాస్తవా?"

కనబడేదే కట్టించుకుంది. ఇది రాస్తూ ఇప్పుడే ఫక్కున నవ్వింది. అబ్బ, అదే మెరుపు! ఈసారి గోడెక్కకుండానే చూశాను.