కళావతక్క అడిగిన కాపీ

మొన్న ధర్మసాగర్ ఆటో ఎక్కితే, డ్రైవరు ఫోనులోంచి మా అమ్మ నాకు నేర్పిన నాట్ల పాట వినబడింది. గొంతు ఎవరో పడుచుపిల్లది, వెనక డప్పుల మోత. కళావతక్క ఉంటే ఆమె దగ్గరికి పోయి చెప్పుకునేదాన్ని.

మడికొండలో మా పక్కిల్లే ఆమెది. పెళ్లిళ్లకు వీడియోలు తీసి బతికిన మనిషి. నా పెనిమిటి ఉన్నప్పుడు, నేను పొలంలో పాడుతుంటే ఫోనులో తీసి ఇంటర్నెట్‌లో మాకని తెరిచిన చానల్‌లో పెట్టేవాడు. కొన్నిటిలో ఆయనే వంత పాడాడు. ఆయన పోయాక ఆ గొంతు కోసమే రోజూ ఆ చానల్ తెరిచేదాన్ని. చాలామంది చూసేవాళ్లు కూడా. అది చూసి అక్క ఒకనాడు అన్నది:

"చెల్లె, ఆ జాగ నీది కాదు. ఒక కాపీ నాకియ్యి, డిస్కుల ఏసి పెడ్త. నా చిన్న సైటున్నది గద, అండ్ల గూడ పెడ్దాం."

పెళ్లి పనులు తగ్గి నా పాటల మీద కన్ను పడిందనుకున్నాను. అదే నా పాపిష్టి బుద్ధి.

"నీ సైటు ఎవలు చూస్తరక్కా, ఈగలా దోమలా?"

"ఈగలే సూడనీ. తాళంచెవి మన కొంగుకుంటది."

నేను ఇవ్వలేదు. పైగా ఫోను నిండిందని, చానల్‌లో ఉన్నాయి కదా అని, ఫోనులోవన్నీ తుడిచేశాను.

తర్వాత ఏదో కంపెనీ మా అమ్మ పాటనే ఎవరో పిల్లతో పాడించి తన పేరున పెట్టుకుంది. పాట వాళ్లదట, నేను దొంగిలించానట. చానళ్లు నడిపేవాళ్ల మిషను అట్లా తేల్చింది. ఇంగ్లీషులో ఏవో రాతలు వచ్చాయి. నాకు తెలుగే కూడబలుక్కుని చదవాలి. వచ్చినప్పుడల్లా పక్కకు జరిపాను. మూడోసారికి చానల్ మూతబడింది. మండలాఫీసు అయితే గడప ముందు కూర్చుని ఏడ్వొచ్చు. దీనికి గడప ఎక్కడుంది?

అక్క దగ్గరికే పోయాను. దెప్పుతుందనుకున్నాను.

"మీ ఆయిన గొంతు నేను తేలేను చెల్లె," అన్నది. "నీదన్న ఉన్నది. జర నీళ్లు తాగి కూసో."

ఆ వానాకాలమంతా పొద్దున్నే నన్ను కూర్చోబెట్టి, గుర్తున్న పాటలన్నీ పాడించి తీసింది. సైటులో పెట్టింది, డిస్కు నా చేతికిచ్చింది, నాటుకు పోయే ఆడవాళ్ల ఫోను మెమరీ కార్డుల్లో ఎక్కించింది. సైటులో చూసింది పదిమందే. ఆ చానల్‌లో అన్ని వేలమంది చూసినవాళ్లలో ఒక్కరూ నేనేమయ్యానని అడగలేదు. నా వాళ్లనుకున్నాను. నేను లేకుంటే వాళ్ల ముందుకు ఇంకో పాట వచ్చి ఉంటుంది, అంతే.

పోయినేడు అక్క గుండె ఆగి పోయింది. దినాలనాడు దండ వేయడానికి మంచి ఫోటో ఒక్కటి దొరకలేదు. ఊరందరి పెళ్లిళ్లూ తీసింది, ఎప్పుడూ కెమెరా వెనకే. నా పాటల మొదట్లో మాత్రం, "ఊఁ, పాడు చెల్లె" అని ఆమె గొంతు ఉంటుంది.

ఇప్పుడు కార్డుల్లో నేనే ఎక్కించి ఇస్తున్నాను. ఆ ముందు మాట కోసేస్తే పాట తిన్నగా మొదలవుతుంది కదా అంటారు కొందరు. దాంతోనే తీసుకోండి, లేకుంటే వద్దంటాను.