ఎర్ర దారం కట్టిన పాప

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఒక జూలై మొదటి తారీకున, బాపట్లలోని ఒక ప్రసూతి ఆసుపత్రిలో వార్డు ఇన్‌చార్జి సిస్టర్‌గా చేరాను. ఆసుపత్రి పేరు ఇక్కడ అవసరం లేదు. అంతకుముందు పన్నెండేళ్లు రేపల్లెలో పనిచేశాను. కాపురం తెనాలిలో కాబట్టి అటు రేపల్లె రైలు, ఇటు బాపట్ల రైలు, రెండింటి ఆలస్యాలూ నాకు కంఠస్థం. ఇన్‌చార్జి సిస్టర్ అంటే స్టాఫ్ నర్సులకు పైన, నర్సింగ్ సూపరింటెండెంటుకు కింద. ఎవరు తప్పు చేసినా ముందు తిట్లు తినేది ఆ కుర్చీలో ఉన్న మనిషే. అయినా నాకు ఆ కుర్చీ చాలా ఇష్టంగా ఉండేది.

చేరిన వారంలోనే నర్సులు నా వెనకాల ‘ట్యాగుల మేడమ్’ అనడం మొదలుపెట్టారు. బిడ్డ పుట్టగానే బొడ్డు కోసి, తల్లికి చూపించి, మణికట్టుకు ఒక ప్లాస్టిక్ పట్టీ వేస్తాం. అదే ట్యాగు. దాని మీద తల్లి పేరు, అడ్మిషన్ నంబరు, ఆడో మగో, పుట్టిన సమయం, బరువు ఉంటాయి. అదే పేరు, అదే నంబరు తల్లి చేతి పట్టీ మీద కూడా ఉంటాయి. బిడ్డను తల్లి పక్కనుంచి తీసిన ప్రతిసారీ, తిరిగి ఇచ్చిన ప్రతిసారీ ఆ రెండూ పైకి చదివి సరిచూడాలి. “వార్డులో ఉన్నది ఒక్క పాపేగా మేడమ్” అని ఎవరైనా నసిగితే వాళ్ల చేత రెండోసారి చదివించేదాన్ని.

వానలు వెనకబట్టిన ఒక ఉదయం, చీరాల దగ్గరి నుంచి నేతపనివారి కుటుంబం ఒకటి వచ్చింది. నొప్పులు వస్తున్నది పెద్దకోడలు లక్ష్మికి. వెంట ఉన్నవాళ్లు అత్తగారు నాగరత్నమ్మ, కాన్పుకు ఇంకా పది రోజుల గడువున్న చిన్నకోడలు పద్మ. కాఫీ ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్న పద్మ, కాసేపటికి తనకూ ఏదోలా ఉందన్నదట. “నువ్వుండవే, ముందు దాని సంగతి తేలనీ” అన్నారట నాగరత్నమ్మగారు. కడుపులో బిడ్డ మాత్రం ఆగలేదు. లక్ష్మికి ఆడపిల్ల పుట్టిన రెండు గంటలకు పద్మకూ ఆడపిల్ల పుట్టింది. లక్ష్మి బిడ్డను నా చేతులతో నేనే అందుకున్నాను. పద్మ బిడ్డను స్టాఫ్ నర్సు కరుణ అందుకుంది.

ఆ ఇంట్లో రెండు తరాలుగా అందరూ మగపిల్లలేనట. నాగరత్నమ్మగారి సంతోషానికి పట్టపగ్గాలు లేవు. వాచ్‌మన్ దగ్గర్నుంచి పెద్ద డాక్టరుగారి దాకా అందరి నోట్లోనూ లడ్డూ పెట్టారు. నేను డ్యూటీలో తిననని చెబితే, వినిపించుకోకుండా నాకు రెండు పెట్టారు.

మర్నాడు పొద్దున పది గంటలకు ఇద్దరు పిల్లలనూ ఒళ్లు తుడవడానికి కరుణ పక్కగదిలోకి తీసుకువెళ్లింది. సాయానికి నాగరత్నమ్మగారు వెళ్లారు. ఇంతలో వార్డులో ఒక బాలింతకు రక్తస్రావం ఎక్కువైందని కేక వినపడింది. కరుణ “అయిదు నిమిషాలు చూస్తుండండి మామ్మగారూ” అని పరుగెత్తింది. వెళ్లాల్సిందే, కానీ పిల్లలను మరో నర్సుకు అప్పగించి వెళ్లాలి. అది ఆమె పొరపాటు. తిరిగి వచ్చేసరికి ట్యాగులు రెండూ చెత్తబుట్టలో ఉన్నాయి. పిల్లల చేతులకు నూలు దారాలున్నాయి, ఒకరికి ఎరుపు, ఒకరికి పసుపు.

నాగరత్నమ్మగారు ఏ దాపరికమూ లేకుండా చెప్పారు. “ఆ ప్లాస్టిక్ అంచు ఒరుసుకుని చేతులు కందిపోయినయ్యమ్మా. కత్తిరించి మా నూలు కట్టాను. ఎర్రది పెద్దదాని కూతురికి, పసుపుది చిన్నదాని కూతురికి. మా చీరలకీ ఇట్టాగే గుర్తు దారం కడతాం. యాభై ఏళ్లలో ఒక్కటి తారుమారవలేదండి.”

కరుణ పాలిపోయిన ముఖంతో నా దగ్గరకు వచ్చింది. చేతిలో కొత్త ట్యాగులు రెండు రాసి సిద్ధంగా ఉన్నాయి. మామ్మగారు చెప్పినట్లే వేసేయమంటారా అని అడిగింది. వేసేస్తే నిమిషంలో పని అయిపోతుంది, బయట ఎవరికీ తెలియదు.

పిల్లలను చూశాను. నేను అందుకున్న లక్ష్మి బిడ్డకు నిండా ఒత్తయిన జుట్టు ఉన్నట్లు నాకు బాగా గుర్తు. ఎర్ర దారం పాపకు జుట్టు పల్చగా ఉంది. పసుపు దారం పాపకేమో గుబురుగా ఉంది. పెద్దావిడ దారాలు తారుమారు చేశారని మనసులో తేల్చేసుకున్నాను. అయితే తల్లుల ముందు అనుమానం గానీ అంచనా గానీ పలకకూడదన్నది మా పద్ధతి. నోరు మూసుకుని డాక్టరుగారికి ఫోన్ చేశాను.

లక్ష్మిది ఓ నెగెటివ్ రక్తం. అలాంటి తల్లులకు కాన్పు కాగానే బొడ్డుతాడు రక్తం తీసి బిడ్డ గ్రూపు చూస్తాం. లక్ష్మి బిడ్డది బి పాజిటివ్ అని కేసు షీటులో ఉంది. పద్మ బిడ్డకు ఆ పరీక్ష చేయలేదు. ఇప్పుడు ఇద్దరికీ చేయాలి, కాన్పు గదిలో తీసిన పాదముద్రలతోనూ పోల్చాలి. ముద్రలు సగం మసకగా ఉన్నాయి కాబట్టి అసలు భారం రక్తం మీదే. ఇద్దరిదీ ఒకే గ్రూపైతే డీఎన్ఏ పరీక్షకు పంపాలి, దానికి రోజులు పడతాయన్నారు డాక్టరుగారు.

తల్లులిద్దరికీ జరిగింది జరిగినట్లు చెప్పాను. పద్మ, “ఎవరైనా మన పిల్లలేగా అక్కా” అని తోడికోడలిని ఓదార్చబోయింది. లక్ష్మి కళ్లు తుడుచుకుని, “మన పిల్లలే. కానీ నా పిల్ల నాక్కావాలి” అన్నది. ఆ మాటతో పద్మ కూడా ఏడ్చింది.

నాగరత్నమ్మగారికి మాత్రం కోపం వచ్చింది. “నా మనవరాళ్లు నాకు తెలియరా? నా మాట మీద నమ్మకం లేదా సిస్టరమ్మా?” అన్నారు.

“గుర్తు దారం లేని చీర తెచ్చి, ఇది మీ మగ్గం మీదదేనని ఎవరైనా నోటిమాటగా అంటే ఒప్పుకుంటారా అండి?” అని అడిగాను.

“ఒప్పుకోను. మడత విప్పి, అంచూ నేతా చూసుకుంటాను.”

“మేమూ ఆ పనే చేస్తున్నామండి.”

“చూసుకోండయితే” అని బెంచీ మీద కూర్చుని, ఎవరూ అడగకపోయినా కరుణకు మంచినీళ్లు తాగించారు.

గంటన్నరకు రిపోర్టు వచ్చింది. ఎర్ర దారం పాపది బి పాజిటివ్. పసుపు దారం పాపది ఓ పాజిటివ్. ముద్రల్లో కనపడిన గీతలూ దానికి తగ్గట్టే ఉన్నాయి. అంటే నాగరత్నమ్మగారు చెప్పిందే నిజం, నేను మనసులో తేల్చుకున్నది శుద్ధ తప్పు. పుట్టినప్పుడు తడిసి నల్లగా తలకు అంటుకున్న జుట్టు ఒత్తుగా కనిపించింది, ఆరాక అసలు సంగతి బయటపడింది. ఇన్నేళ్లలో ఎన్ని తడి తలలు చూశానో లెక్కలేదు, అయినా మోసపోయాను.

డాక్టరుగారు, నేను ఇద్దరం మంచాల దగ్గర నిలబడి, కొత్త ట్యాగులు వేసి, తల్లుల పట్టీలతో పైకి చదివి సరిచూసి, ఎవరి బిడ్డను వాళ్ల ఒళ్లో పెట్టాం. లక్ష్మి నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది. “చెప్పానా?” అన్నారు నాగరత్నమ్మగారు వార్డంతా వినపడేలా. ఆమె ముందే నా జుట్టు లెక్క ఒప్పుకున్నాను. పొట్ట పట్టుకుని నవ్వారు. వార్డులోని బాలింతలంతా కుట్లు పట్టుకుని మరీ నవ్వారు.

కరుణ జరిగిందంతా ఉన్నదున్నట్లు రాసి సంతకం చేసింది. కింద ఇన్‌చార్జిగా నేనూ చేశాను. సూపరింటెండెంటుగారు ఇద్దరికీ సమంగా చివాట్లు పెట్టారు. చేతులు కందిపోతున్నాయన్న పెద్దావిడ ఫిర్యాదు మాత్రం న్యాయమైనదే. ఆ నెల నుంచి ట్యాగు కింద మెత్తని నూలు పట్టీ వేయడం, చేతికొకటి కాలికొకటి చొప్పున రెండేసి ట్యాగులు వేయడం మా వార్డులో నియమమయ్యాయి. మొదటి నూలు పట్టీలు నాగరత్నమ్మగారి ఇంటి నుంచే వచ్చాయి.

ఏడాదిన్నర తరువాత ఆమె మేనకోడలు మా దగ్గరే కాన్పుకు వచ్చింది. మర్నాడు రౌండ్సులో నేను బిడ్డ ట్యాగు చూద్దామని చెయ్యి చాపగానే, మంచం పక్కనున్న నాగరత్నమ్మగారు ఆ చెయ్యి పట్టుకుని ఆపారు.

“ముందు మీ పేరు, మీ పని చెప్పండి సిస్టరమ్మా. ఆనక ముట్టుకుందురు.”

నేనెవరో ఆమెకు తెలుసు. అయినా పేరు, హోదా, వచ్చిన పని చెప్పి, రెండు ట్యాగులూ పైకి చదివాను. ఆమె తల్లి పట్టీతో సరిచూసుకుని చెయ్యి వదిలారు. చూసి గుర్తుపట్టడం ఎవరికైనా వస్తుంది. గుర్తుపట్టాక కూడా సరిచూడటమే మా ఉద్యోగం.