కండ్లు పెట్టిన బొమ్మ

కరీంనగర్‌లో కట్టుకున్న కొత్తింటి హాలు గోడకు ఏదైనా బొమ్మ పెడదామని మొన్న మా కోడలు ఫోనులో కొన్ని చిత్రాలు చూపించింది. అన్నీ పెద్ద బొట్టు, ముక్కుపుడక, కోల కళ్ళున్న ఆడవాళ్ళవే. ఒక్కదానికీ మనుషుల పోలిక లేదేమిటమ్మా అనబోయి, ఆ మాట గొంతులోనే మింగేశాను. ఎందుకంటే ఒకప్పుడు అలాంటి మాటే అనేసి, దాని శిక్ష ఇప్పటికీ అనుభవిస్తున్నదాన్ని.

మాది నేతవాళ్ళ ఇల్లు. నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్ళం. బాపు మరమగ్గాల మీద, మా వైపు సాంచాలంటాం, వాటి మీద పనిచేసేవాడు. అవ్వ ఇంట్లో కూర్చుని రాట్నం మీద నూలు కండెలు చుట్టేది. నాకు పన్నెండేళ్ళప్పుడు నాలుగు రోజుల జ్వరంతో పోయింది. ఒక్క ఫొటో లేదు. నా తోటివాళ్ళకు చెప్పక్కర్లేదు, ఆ రోజుల్లో ఫొటో దిగడమంటే ఎంత పనో. ఏడాది తిరక్కముందే బాపు, మా కులపురాణం చెప్పేవాళ్ళకు, కథ చెబుతూ చూపించే బట్ట మీది బొమ్మల పటాలు రాసిచ్చే ముసలాయనను ఇంటికి పిలిచి, అవ్వ బొమ్మ రాయమన్నాడు. ఆయన అవ్వను ఎన్నడూ చూసినవాడు కాదు. అయినా ముఖం ఎట్లా ఉండేదని ఒక్క మాటైనా అడగలేదు. ఏ చేత్తో రాట్నం తిప్పేది, కొంగు ఎటు దోపేది, ఏ కాలు మడిచి కూర్చునేది అనే అడిగాడు. బాపు అన్నీ చెప్పాడు.

అచ్చం అవ్వే వస్తుందని నేను రోజులు లెక్కపెట్టుకున్నాను. తీరా చూస్తే ఎర్రటి రంగు మీద పసుపు రాసినట్టున్న ముఖం, చెవిదాకా సాగిన కళ్ళు. పటాల్లో ఆడవాళ్ళందరిదీ అదే ముఖం, మా అవ్వేమో చామనఛాయ. ఆ బొమ్మ రాట్నాన్ని ఎడమచేత్తో తిప్పుతోందని, మా వాడ మొత్తంలో అట్లా తిప్పేది అవ్వ ఒక్కతేనని నా కంటికి ఆననే లేదు. పటంలో మనిషిని ముఖం చూసి కాదు, చేసే పని చూసి గుర్తుపట్టాలని తెలిసేసరికి నాకు జుట్టు నెరిసింది.

"గీమె మా అవ్వ కాదు బాపూ. గోడకు పెడితె నేను ఇంట్ల ఉండ" అన్నాను.

బాపు కోప్పడలేదు. "కండ్లు పెట్టిన బొమ్మను మూలకు పడెయ్యొద్దు బిడ్డా. ఇంట్ల పెట్టుకోవాలె, లేకుంటె గంగల కలపాలె" అన్నాడు.

పటం రాసేవాళ్ళు కళ్ళు అన్నిటికన్నా చివర రాస్తారు. కళ్ళు వచ్చాక అది ప్రాణమున్న మనిషి కిందే లెక్క. అందుకే పాతబడిన పటాలను కూడా నదిలోనే కలుపుతారు. అంతా తెలిసీ నేను పంతం విడవలేదు. మర్నాడు బాపు ధర్మపురి బస్సెక్కి, అవ్వ అస్థికలు కలిపిన రేవులోనే బొమ్మనూ గోదావరికి ఇచ్చేసి, తడిసిన తలతో ఇంటికి వచ్చాడు. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. ఒక్క భార్యను ఆయనచేత రెండుసార్లు సాగనంపించాను. క్షమించమని అడిగే తెలివి వచ్చేనాటికి ఆయనా లేడు.

కోడలితో మాత్రం, ముఖాలు చూడకమ్మా, ఆ బొమ్మల్లో వాళ్ళు ఏం చేస్తున్నారో చూసి తీసుకో అన్నాను. ఇప్పుడు పిల్లలకు పుట్టిన గంట నుంచీ ఫొటోలే, ఎవరి ముఖమూ ఎవరూ మరిచిపోయే పని లేదు. నాకేమో అవ్వ అసలు ముఖం ఎప్పుడు చెరిగిపోయిందో కూడా తెలియదు. తలుచుకుంటే ఎర్రటి రంగు మీద ఆ పసుపు ముఖమే వస్తుంది. కాదు పొమ్మన్న ఆ ముఖమే ఈ రోజు నాకు మిగిలిన అవ్వ.