తడికి కిరాయి

మా వీధి చివర పెంకుల ఫ్యాక్టరీ గేటు పక్కన ఒక అద్దాల గది ఉండేది. అందులో ముప్పై ఒక్క ఏళ్ళు కూర్చుని లారీలు తూచిన మనిషిని అందరూ కాటాయన అనేవారు. అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో.

లారీ ఇనుప బల్ల మీదికి ఎక్కగానే, "అందరూ దిగండి! కాటా మీద సరుకు ఉండాలి, మనిషి ఉండకూడదు!" అని కేక వేసేవాడు. డ్రైవరు దిగితే గాని ముల్లు వైపు చూసేవాడు కాదు. ముల్లు నిలబడ్డాక ఆ అంకెను వీధంతా వినిపించేలా చదివేవాడు. మా ఇల్లు గేటుకు ఎదురుగానే. పొయ్యి దగ్గర కూర్చున్నా సరే, ఏ లారీలో ఎంత మట్టి వచ్చిందో చెప్పగలిగేదాన్ని. వినకూడదనుకుంటే మాత్రం చెవులు ఎక్కడ దాచుకోను?

ఆయన భార్య పోయి చాలా ఏళ్ళయింది. పిల్లలు లేరు. గేటు లోపలే, ఆయన పక్క వాటాలో చెల్లెలూ, ఆమె భర్తా ఉండేవారు. చెల్లెలు ఫ్యాక్టరీలో పెంకులు అచ్చు వేసేది, ఆమె భర్త బట్టీ కాల్చేవాడు. రెండు వాటాల మధ్య గోడలో ఒక ఇటుక ఊడదీసి ఉండేది. పొద్దున్నే చెల్లెలు ఆ కంతలోంచి టీ గ్లాసు అందించేది.

"పట్టుకో అన్నయ్యా, చెయ్యి కాలుతోంది!"

"కాలితే కాలనీ, చక్కెర వేశావా లేదా ముందది చెప్పు!"

మా వీధికి తెల్లవారడం అంటే అదే.

ఫ్యాక్టరీ ఇక్కడ పెట్టింది యజమాని తాత. అప్పట్లో బంకమట్టి గొయ్యి షెడ్డు వెనకే ఉండేది. తవ్విన మట్టిని తట్టకెత్తితే వంద అడుగుల్లో అచ్చు దగ్గర పడేది. తవ్వగా తవ్వగా గొయ్యిలో రాయి తేలింది. ఆ తరవాత నాలుగు గంటల దూరంలోని వాగు ఒడ్డు నుంచి మట్టి లారీల్లో రావడం మొదలైంది. బట్టీ ఇక్కడ ఉంది కదా అని మట్టే ప్రయాణం కట్టింది.

ఒక ఏడాది యజమాని లెక్కలు చూసుకుని ఉగ్రుడైపోయాడు. ఆడవాళ్ళు పెంకులు పగలగొట్టేస్తున్నారు, అందుకే ఏమీ మిగలడం లేదు, అచ్చుల షెడ్డులో పదిమందిని తీసేస్తానన్నాడు. ఆ పదిమందిలో మొదటి పేరు కాటాయన చెల్లెలిది.

అప్పటినుంచి ఆయన ఒక మట్టిముద్దను వెంటేసుకుని తిరిగాడు. లారీలోంచి తీసి సరిగ్గా పది కిలోలు తూచాడు. తన గది కప్పు మీద ఎండబెట్టాడు. బట్టీలో కాల్పించి మళ్ళీ తూచాడు. నేను ఊరుకుంటానా?

"ఏమయ్యా, ఆ ముద్దకేమన్నా పెళ్ళి చేస్తున్నావా?"

"నవ్వకండి వదినగారూ. పది పెడితే ఏడు తేలింది. మిగతా మూడూ ఏమైనట్టు?"

"నువ్వు మింగి ఉంటావు!"

"అది తడి. ఆవిరైపోయింది. అంత దూరం నుంచీ మనం తడికి కిరాయి కడుతున్నాం! దాని ముందు పగిలిన పెంకులెంత? మట్టిని అక్కడే ఎండబెట్టి తెమ్మని చెబుతాను. ఇంక మా చెల్లెలి జోలికి రారు."

చెప్పాడు. యజమాని కాలిన ముద్దను చేతిలోకి తీసుకుని బరువు చూశాడట. పదిమందినీ తీసే మాట ఆగిపోయింది. మర్నాడు కంతలోంచి వచ్చిన టీలో చక్కెర రెట్టింపు పడింది.

నెల తిరక్కుండా గేటుకు నోటీసు అంటించారు. మట్టిని ఎండబెట్టి తెచ్చినా ఇక్కడ మళ్ళీ నీళ్ళు పోసి పిసకాలి కదా, కాలిన పెంకు ఎలాగూ తేలిక, బట్టీనే వాగు ఒడ్డుకు తీసుకుపోతే సరి అన్నాడట యజమాని. అచ్చులు తెలిసిన ఆడవాళ్ళూ, బట్టీవాళ్ళూ అక్కడికి రావాలి. కాటా మాత్రం అక్కర్లేదు. గొయ్యి పక్కనే ఉంటే తట్టలో వచ్చే మట్టిని తూచేదెవరు?

చెల్లెలు ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"నిన్ను తూచమని ఎవరడిగారు అన్నయ్యా? నా పని పోతే పోయేది. ఇంకో పని చూసుకుని నీ పక్కనే పడి ఉండేదాన్ని."

ఆ సాయంత్రమే ఆమె ఊడదీసిన ఇటుకను తెచ్చి కంతలో పెట్టేసింది. మూడు నెలలు పలకలేదు. రోజూ పొద్దున్నే ఆయన ఆ గోడ దగ్గర కాసేపు నిలబడి, తరవాత వీధి మలుపులో టీకి వెళ్ళేవాడు.

"నువ్వూ వాళ్ళతో వెళ్ళకూడదూ?" అన్నాను.

"అక్కడిచ్చేది ఒక్క గదేనంట వదినగారూ. పనిలేని మూడోవాణ్ణి, నేనెక్కడ పడతాను?"

మా వీధిలో రొట్టెల బట్టీ మాత్రం కదల్లేదు. ఒక బస్తా పిండి పొంగి బండెడు రొట్టెలవుతుంది. అంత గాలిని దూరం నుంచి మోసుకొచ్చేదెవరు? తినే నోళ్ళ పక్కనే ఉండాలి దానికి. ఈ సంగతి చెబితే కాటాయన చాలా రోజుల తరవాత నవ్వాడు. "మా చెల్లెలు రొట్టెలు నేర్చుకోవలసింది" అన్నాడు.

చివరి రోజు చెల్లెలు వాళ్ళ సామాన్లు ఎక్కించిన లారీ వచ్చింది. గేటు దాటే ప్రతి లారీ కాటా ఎక్కాల్సిందే. మంచం, బిందెలు, కట్టగట్టిన పరుపు, వాటి మధ్య చెల్లెలు మొహం పక్కకి తిప్పుకుని కూర్చుంది.

"అందరూ దిగండి!" అన్నాడు కాటాయన.

డ్రైవరూ, ఆమె భర్తా దిగారు. చివరికి ఆమె కూడా దిగింది. నిలబడడానికి ఇంకెక్కడా నీడ లేక అద్దాల గదిలోకి, ఆయన పక్కకి వచ్చింది. ఆయన ముల్లు వైపే చూస్తూ కూర్చున్నాడు. డ్రైవరు బీడీ ముట్టించాడు, కాల్చాడు, పారేశాడు. కాటాయన అంకె చదవడే!

వీడ్కోలు చెబుదామని నేను అప్పటికే గది గుమ్మంలో ఉన్నాను. ముల్లు మేకు కొట్టినట్టు నిలబడి ఉంది.

"అది నిలబడి ఎంతసేపయింది అన్నయ్యా" అంది చెల్లెలు, మూడు నెలల తరవాత.

"లేదమ్మా. ఇంకా ఊగుతోంది."

ఆమె ముల్లు వైపు చూసింది. ఆయన వైపు చూసింది. పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది.

"సరే అయితే. నిలబడేదాకా చూడు."