దేవదానం మేస్త్రి కోసిన రెక్క

మొన్న మధ్యాహ్నం పక్కింటి అమ్మాయి మా వరండాలో కూర్చుని గోళ్లకు రంగు వేసుకుంటూ ఉంటే ఆ వాసన గదిలోకి వచ్చింది. మగ్గిపోయిన అరటిపండులా తియ్యగా, ఘాటుగా, కళ్ల వెనక ఎక్కడో పట్టేసే వాసన. లేచి కిటికీ మూశాను. "ఏం పెద్దమ్మా, ఈ వాసన పడదా నీకు?" అని అడిగింది. పడకపోవడం కాదు. రెండేళ్లపాటు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ వాసనలోనే పనిచేశాను. అప్పుడు దాన్ని డోపు అనేవాళ్లం. విమానం రెక్కకు కప్పిన గుడ్డ మీద పూసే బంక అది. ఆరితే గుడ్డ బిగుసుకుని, వేలితో కొడితే డప్పులా మోగేది. ఆ పిల్లకు ఇదంతా చెప్పే ఓపిక లేక ఊరుకున్నాను. కాని ఆ సాయంత్రమంతా దేవదానం మేస్త్రి నా మనసులోనే ఉన్నారు.

రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో రేణిగుంట అవతల బీడు చదును చేసి విమానాలు దిగే మైదానం వేశారు. పక్కన రేకుల షెడ్డులో, దెబ్బతిన్న శిక్షణ విమానాలను బాగుచేసేవారు. ఒక్కో పక్క పైన ఒకటి, కింద ఒకటి, కొయ్య ఎముకల మీద నారగుడ్డ కప్పిన రెక్కలు వాటివి. కుట్టుపని తెలిసిన ఆడవాళ్లు కావాలంటే మా చర్చి అయ్యగారు నా పేరు చెప్పారు. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. మా ఆయన పటాలంలో చేరి తూర్పున ఎక్కడో ఉన్నాడు. ఇంట్లో అత్త, రెండేళ్ల బిడ్డ. దేవదానంగారు మా షెడ్డుకు మేస్త్రి. చిత్తూరు వైపు మనిషి, యాభై దాటిన వయసు. ఒక భుజం వంచి నడిచేవారు. ఆయన ఎప్పుడు కూర్చున్నా, చాలా దూరం నుంచి నడిచి వచ్చి కూర్చున్నట్టే ఉండేది.

స్టేషను నుంచి మమ్మల్ని లారీలో తీసుకెళ్లేవారు. పనిలో చేరిన వారానికి, లారీలోనే, ధైర్యం చేసి అడిగాను: "మేస్త్రీ, అంత బరువుండేది గాల్లో ఎట్ల నిలబడతాది?" తోటి ఆడవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు.

"కుడి చెయ్యి బయట పెట్టు. అరచెయ్యి నేలకు సూడాల. ఇప్పుడు బొటనవేలి పక్క అంచు రవ్వంత ఎత్తు."

ఎత్తగానే చెయ్యి తనంతట తానే పైకి లేచింది. నాకు భయమేసింది, నవ్వూ వచ్చింది.

"అదే రెక్క. నీ చెయ్యి గాలిని కిందికి తోస్తాది, గాలి నిన్ను పైకి తోస్తాది. బరువు కిందికి గుంజతా ఉంటాది. ముందర పంకా లాగతాది, ఎదురుగాలి వెనక్కి పట్టుకుంటాది. ఈ నాలుగూ సర్దుకున్నంతసేపూ విమానం పైన ఉంటాది. ఇంకా ఎత్తు. ఇంకా."

ఇంకా ఎత్తేసరికి చెయ్యి పైకి పోవడం మానేసి వెనక్కి విరిగినంత పనైంది.

"హద్దు దాటినావు. ముక్కు మరీ ఎత్తితే రెక్క వీపు మీద గాలి ఊడిపోతాది. ఇంజను బాగనే ఉంటాది, విమానం మాత్రం రాయి మాదిరి పడతాది. మన షెడ్డుకు వచ్చేటివి సగం అట్ల పడినవే."

ఆ మాటతో మా నవ్వులు ఆగిపోయాయి. పడిన వాటిలో మనుషులు ఉంటారన్నది అంతవరకు నాకు తట్టలేదు.

నాకు ఇచ్చిన పని ఎముక కుట్టు. పొడవాటి సూదితో, మైనం పూసిన దారంతో, రెక్క పైగుడ్డనూ కిందిగుడ్డనూ లోపలి ఎముకకు కట్టివేయాలి. గాలి కింది నుంచి తోస్తుంటే పైగుడ్డను ఇంత గట్టిగా కట్టడం ఎందుకని అడిగాను. ఆయన ఒక కాగితపు ముక్క నా చేతికిచ్చి, పెదవి కింద పట్టుకుని పైన ఊదమన్నారు. వేలాడుతున్న కాగితం లేచి నిలబడింది. "సూసినావా? పైన పోయే గాలి గుడ్డను పైకి పీకతా ఉంటాది. పోతే ముందు పైగుడ్డే పోతాది. నీ ముడే దాన్ని పట్టుకుని ఉండేది" అన్నారు. మూడంగుళాలకు ఒక ముడి. పంకా గాలి నేరుగా కొట్టే చోట, రెక్క మొదట్లో, అందులో సగం దూరానికే ఒకటి. కుట్టు మీద పట్టీ అంటించి డోపు పూశాక ఆ ముళ్లు ఎవరికీ కనబడవు.

రెండో ఏడు ఎండాకాలం మొదట్లో నా బిడ్డకు చలిజ్వరం పట్టింది. వారం రోజులు సరిగా నిద్ర లేదు. సూది పట్టుకుంటే వేళ్లు నావి కానట్టుండేవి. ఆ స్థితిలో ఒక రెక్క పూర్తి చేశాను. మేస్త్రి పట్టీలు వేయకముందే చూడాలి, కాని ఆయనకూ ఆ రోజుల్లో మూడు విమానాల పని ఒకేసారి మీద పడింది. ఒక పక్క చూసి సంతకం పెట్టారు. రెక్కకు డోపు పూశారు, రంగు వేశారు, విమానానికి బిగించారు. ఒక ఉదయం ఆ విమానాన్ని బయటికి తోస్తుంటే లారీ దిగుతూ చూశాను. అప్పుడు గుర్తొచ్చింది. రెక్క మొదట్లోని రెండు ఎముకలకూ నేను ఒకటిన్నర అంగుళానికి బదులు మూడంగుళాల దూరం పెట్టాను.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. బహుశా ఏమీ కాకపోవచ్చు కూడా. ఇంట్లో బిడ్డ మందులు, అత్త మాటలు, పోబోయే ఉద్యోగం, అన్నీ ఒక్కసారిగా తలలో తిరిగాయి. షెడ్డు గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, మళ్లీ వెళ్లాను.

"మేస్త్రీ, ఒక మాట చెప్పాల."

ఆయన చేతిలోని పని కింద పెట్టారు. చెప్పాను. ఆయన ముఖం మారలేదు. "యా రెక్క?" అన్నారు.

"ఎడమది. కిందిది."

అంతే. ఆ వంగిన భుజంతోనే మైదానంలోకి పరుగెత్తారు. ఆయన పరుగెత్తగా నేను చూసింది ఆ ఒక్కసారే. కుర్ర పైలట్ అప్పటికే ఎక్కి కూర్చున్నాడు. మేస్త్రి పంకా ముందు రెండు చేతులూ చాపి నిలబడ్డారు. అధికారి దొర పరుగున వచ్చి అరిచాడు. ఏమన్నాడో నాకు అర్థం కాలేదు. మేస్త్రి జేబులోంచి కత్తి తీసి, రంగు ఆరి మెరుస్తున్న ఆ రెక్క మొదట్లో ఒక్క గీత గీశారు. గుడ్డ విడిపోయింది. లోపలి నా ముళ్లు ఎండలో బయటపడ్డాయి. కొలకర్ర పెట్టి దొరకు చూపించారు.

ఎవరు కుట్టారని దొర అడిగినట్టుంది. "సంతకం నాది. తప్పు నాది" అన్నారు మేస్త్రి, ముందు ఇంగ్లీషులో, తరువాత మాకు వినబడేలా తెలుగులో.

మరునాడు ఆయన్ని మేస్త్రి పని నుంచి తీసేశారు. పొమ్మనలేదు, డోపు పూసేవాళ్లలో వేశారు. తన చేతికింద పని నేర్చినవాడి కింద, ముక్కుకు గుడ్డ కట్టుకుని, యుద్ధం ముగిసేదాకా బంక పూశారు. ఆ బంక ఆయన ఊపిరితిత్తుల్ని తినేసింది. నేను అదే షెడ్డులో కుడుతూనే ఉన్నాను. ఆయన దగ్గు వినబడినప్పుడల్లా సూది ఆగేది. దొరకు నిజం చెబుతానని ఒకసారి ఆయన దగ్గరికి వెళ్తే, "పోయి పని సూసుకోమ్మా" అని పంపేశారు.

యుద్ధం అయిపోయింది, షెడ్డు మూసేశారు. నాలుగేళ్లకు చిత్తూరు వెళ్లినప్పుడు ఆయన ఇల్లు వెతుక్కుంటూ పోయాను. అరుగు మీద కూర్చుని ఉన్నారు. రెండు మాటలకొకసారి ఊపిరి కోసం ఆగేవారు. ఇన్నేళ్లుగా మోస్తున్నది అడిగేశాను.

"నా పేరు యాల చెప్పలేదు మేస్త్రీ?"

"చెప్పింటే నిన్ను ఆ పొద్దే పంపించేసుందురు." ఊపిరి అందుకున్నారు. "ఆ తర్వాత ఆ షెడ్డులో ఇంకొకరు నా దగ్గరికి వచ్చి, తప్పు చేసినానని చెప్పుందురా?"

కూతురు తెచ్చిన కాఫీ తాగి లేచాను. ఆ ఏడు చివర్లో పోయారని తరువాత తెలిసింది.

ఆయన మాట నాకు పూర్తిగా అర్థం కావడానికి ఇంకా పదేళ్లు పట్టింది. తిరుపతిలో కుట్టు దుకాణం పెట్టి ఆరుగురు ఆడపిల్లలకు పని నేర్పుతున్న రోజులవి. లక్ష్మి అనే పిల్ల వచ్చి, పెళ్లి రవికెల గుడ్డ తప్పు కొలతకు కత్తిరించానని తానే చెప్పింది. పని ఒత్తిడిలో ఉన్నాను. అందరి ముందూ నోటికి వచ్చినట్టు తిట్టాను. ఆ తరువాత ఏడాదిపాటు మా దుకాణంలో ఎవ్వరూ తప్పు చేశానని నాతో చెప్పలేదు. గుడ్డలు మాత్రం పాడవుతూనే ఉన్నాయి. మడతల అడుగున దాచిన ముక్కలు దొరికేవి. చివరికి లక్ష్మిని పిలిచి, మిగతా ఐదుగురి ముందే, ఆ రోజు తప్పు నాదని చెప్పాను. ఆ పిల్ల నమ్మలేదు. నమ్మడానికి చాలా నెలలు పట్టింది.

ఇప్పుడు దుకాణం లేదు, కళ్లూ సరిగా ఆనవు. అయినా మనవడో, పనిమనిషో, పక్కింటి పిల్లో "ఒక మాట చెప్పాల" అంటూ గుమ్మంలో తచ్చాడితే, వాళ్లు చెప్పబోయేది వినడానికి ముందు, నా ముఖం ఎలా ఉందో చూసుకుంటాను.